మత్తడి లేని చెరువు

"ఈసారి మీ ఆఫీసు సంగతి ఏదైనా రాయండి" అన్నారు సంపాదకులు. మెయిన్‌ఫ్రేమ్ కబుర్లు ఎవరు చదువుతారని మొదట సందేహించాను. అయితే ఇందులో ఒక మనిషి జీతం ఉంది కనుక చిత్తగించండి.

1998లో వై.టు.కె. హడావిడిలో అమీర్‌పేటలో కోబాల్, జె.సి.ఎల్. నేర్చుకున్న వేలమందిలో నేనూ ఒకణ్ణి. 2016 నాటికి దోహాలో ఉద్యోగం, అల్ మన్సూరాలో కాపురం. ఇప్పుడున్న మెట్రో స్టేషను అప్పటికి లేదు, అది 2019 డిసెంబరులో వచ్చింది. మా ఆఫీసు పని కంపెనీల జీతాల లెక్కలు కట్టడం. 2015లో ఇక్కడి కార్మిక చట్టాన్ని సవరించి, జీతాలు బ్యాంకు ద్వారానే, గడువు తేదీ నుంచి ఏడు రోజుల లోపల పడాలన్నారు. అందుకని పాత లెక్కలకు ఒక కొత్త జాబ్ కలపవలసి వచ్చింది. ఆ జాబ్ రాసింది నేనే.

పని చిన్నదే. ఒక ఫైలులో జీతాలు, ఇంకొక ఫైలులో కార్మికుల జాబితా. పదకొండంకెల గుర్తింపు నంబరు చూసి రెండూ జతచేసి బ్యాంకుకు పంపాలి. సార్ట్‌లో జాయిన్‌కీస్ అనే సదుపాయంతో చేశాను. రాత్రి బ్యాచ్‌లో నడిచింది, ప్రొద్దున రిటర్న్ కోడ్ సున్నా. సున్నా వస్తే మా వాళ్ళకు పండగ.

ఆ వారమే మా వీధి కరక్ చాయ్ కొట్టు దగ్గర జగిత్యాల వైపు కుర్రవాడొకడు పలకరించాడు. "సారూ, అందరికి జీతం వడ్డది, నాకొక్కనికే వడలె. అడిగితే కంప్యూటర్ల నీ పేరు లేదంటున్నరు." ఏ కంపెనీ అని అడిగాను. చెప్పాడు. అది మా లెక్కల్లోదే! చాయ్ గొంతు దిగలేదు. "నీ కార్డు ఒకసారి చూపించు తమ్ముడూ" అని నంబరు రాసుకున్నాను.

మర్నాడు ఆఫీసులో వెతుకులాట మొదలైంది. బ్యాచ్‌లో వెతకడమంటే ఒక జాబ్ రాసి, పంపి, వరుసలో తన వంతు వచ్చేదాకా కూర్చోవడం. తప్పు దొర్లితే మళ్ళీ మొదటికి. టెర్మినల్ ముందు కూర్చుని అడిగిన వెంటనే జవాబు చెప్పే సాధనం కావాలి. అది మా యంత్రంలోనే, వి.ఎమ్. వైపు ఏళ్ళ తరబడి పడి ఉంది. పేరు సి.ఎమ్.ఎస్. పైప్‌లైన్స్. డెన్మార్క్ ఐ.బి.ఎం.లో జాన్ హార్ట్‌మన్ అనే ఆయన 1980లలో రూపొందించింది. 1973లో యూనిక్స్‌లో వచ్చిన పైపు ఊహే దీనికీ మూలం. ఒక పనిముట్టు విడిచిన దాన్ని మరొకటి అందుకుంటుంది, మధ్యలో ఫైళ్ళు అక్కరలేదు. తేడా ఏమంటే, యూనిక్స్ పైపులో అక్షరాలు పారితే ఇందులో రికార్డులు పారతాయి. పైగా ఒక్కొక్క పనిముట్టుకు ఒకటికి మించి మూతులుంటాయి.

అందులో లుకప్ అనేదానికి మూడు మూతులు. జతపడినవి మొదటి దాంట్లో, జాబితాలో దొరకని జీతాలు రెండవ దాంట్లో, జీతం రాని పేర్లు మూడవ దాంట్లో వస్తాయి. రెండు ఫైళ్ళ నకళ్ళు తెచ్చి నాలుగు వరుసలు టైపు చేశాను. రెండవ మూతిలో పదకొండు మంది, మూడవ దాంట్లో పదముగ్గురు. అందులో ఇద్దరు సెలవు మీద ఇంటికి వెళ్ళినవారు. మిగిలిన పదకొండు మందీ రెండు చోట్లా ఉన్నారు, ఒకచోట సరైన నంబరుతో, మరొకచోట రెండంకెలు తారుమారై. మన కుర్రవాడూ వారిలో ఒకడు.

జాయిన్‌కీస్ మామూలుగా జతపడినవే ఉంచుకుంటుంది. మిగిలినవి కావాలంటే అన్‌పెయిర్డ్ అని అడగాలి. నేను అడగలేదు. యంత్రం చెప్పినట్టే చేసి సున్నా ఇచ్చింది.

బ్యాచ్ వైపు కూడా పైపులు పెడదామని చూశాను. బ్యాచ్‌పైప్స్ అని ఉంది. రెండు జాబ్‌లు ఒకేసారి నడుస్తూ డిస్కు జోలికి పోకుండా రికార్డులు చేతులు మార్చుకుంటాయి. కాలం కలిసివస్తుంది. కాని దానికి వేరే లైసెన్సు కొనాలి. మధ్యలో జాబ్ పడిపోతే మళ్ళీ అందుకోవడానికి ఫైలు కూడా ఉండదు. మా కష్టం కాలానిది కాదు గనుక వద్దనుకున్నాం. పాత జాబ్‌లోనే అన్‌పెయిర్డ్ చేర్చి, జతపడనివి వేరే ఫైలుకు మళ్ళించి, అది ఖాళీగా లేకుంటే బ్యాంకుకు పంపడం ఆపేలా చేశాను.

గడువు దాటకుండానే పదకొండు జీతాలూ పడ్డాయి. చాయ్ కొట్టు దగ్గర ఆ కుర్రవాడితో తప్పు నాదేనని ఒప్పుకుని, జతపడని లెక్కకు దారి పెట్టలేదని చెప్పాను. వాడు నవ్వాడు. "మత్తడి వెట్టకుంట చెరువు కడ్తరా సారూ?"

మత్తడి అంటే మా కృష్ణా వైపు అలుగు. తూము గురించి అందరం ఆలోచిస్తాం, ఎందుకంటే పొలానికి నీళ్ళిచ్చేది అదే. మిగులు నీటికి దారి లేకపోతే గట్టు తెగేదాకా తెలియదు. మన సభ్యుల్లో లెక్కలు నడిపేవారు చాలామందే ఉన్నారు. ఏ సాధనం ఎన్నుకున్నా, అది ఎంత వేగంగా పారుతుందో అడిగే ముందు, పారనిది ఎక్కడికి పోతుందో అడగండి. ఆ రెండవ మూతి దగ్గర ఎవరో ఒకరు జీతం కోసం ఎదురుచూస్తూ ఉంటారు.