వెండి తీగ పట్టుకుని పోర్టో దాకా

కరీంనగర్ నుంచి ఒంటరిగా యూరప్ చూడాలనుకునే మనిషి వేలు పటంలో మొదట ప్యారిస్ మీదే పడుతుంది. ఇంటి షోకేసులో వెండి తీగల నెమలి ఉన్నవాడు మాత్రం కాస్త ఆగుతాడు. వెంట్రుకంత సన్నని తీగలను మెలేసి, నొక్కి, మందపాటి చట్రంలో చుట్టలుగా పేర్చి అతికిన పని అది. కరీంనగర్‌కు చెందిన ఈ వెండి తీగ పనికి 2007లో భౌగోళిక గుర్తింపు (జీఐ) దక్కింది. అదే విద్య పోర్చుగల్‌లోనూ ఉంది, పోర్టో పక్కనున్న గొందొమార్‌లో. అక్కడ తీగ చుట్టలు గుండె ఆకారపు పతకాలవుతాయి.

ఇక పోర్టోకే!

షెంగెన్ వీసాకు 90 యూరోల రుసుం, కనీసం 30,000 యూరోల వైద్య బీమా తప్పవు. ఊరు చూడ్డానికి కాళ్లు చాలు. 1886 నాటి దోం లూయిశ్ వంతెన పై అంతస్తులో మెట్రో పక్కనే నడవొచ్చు. సావ్ బెంతు స్టేషన్ గోడల నిండా నీలి పలకల బొమ్మలే.

తిండి దగ్గరే తకరారు. అక్కడి ఫ్రాన్సెసీన్యా అంటే రొట్టె మధ్య మాంసం పొరలు, పైన చీజ్, టమాటా, బీరు కలిపిన పులుసు. ఏ మాంసమో అడిగి తినాలి. మిరపకాయను మన దేశానికి తెచ్చింది పోర్చుగీసువాళ్లే అయినా, అక్కడి వంటల్లో మన కారం ఆశించలేం.

అందుకే తల్లి డబ్బాలో సకినాలు సర్దుతోంది. "ఒక్కనివే పోతవా బిడ్డా?" అని అడగడం ఇది నాలుగోసారి.