వాగు గట్టు తోట

ఒంగోలు చుట్టుపక్కల ఇప్పుడు కలిగినోళ్ళ పెళ్ళంటే తోటలోనే. వాగు గట్టున కొబ్బరి చెట్లు, మామిడి చెట్లు, వాటికి చుట్టిన సీరియల్ లైట్లు, పచ్చగడ్డి మీద కుర్చీలు. చూట్టానికి బాగానే ఉంటుంది. తోట పుట్టకముందు అక్కడేముందో మా పల్లెనడగండి.

అది వాగు పోరంబోకు. మా గొడ్లు మేసేయి. మా ఆడోళ్ళు చెలమలు తీసి నీళ్ళు ముంచుకునేవాళ్ళు. ఒక ఆసామి వచ్చి కంచె వేశాడు. పట్టా ఎట్లా పుట్టిందో పల్లెకి చెప్పినోళ్ళు లేరు. మొక్కలు నాటింది మాత్రం మేమే. మాయమ్మ రెండెండాకాలాలు కూలికి కడవ మోసి ఆ మామిడి మొక్కల్ని బతికించింది.

మా నాయిన ఆ తోటలో పెళ్ళిళ్ళకి డప్పు కొట్టబొయ్యేవాడు. గడ్డిమంట మీద డప్పు కాచుకునేది గేటు బయట. పెళ్ళికొడుకు కారు దిగిన కాణ్ణుంచి గేటు దాకా కొట్టాల. గేటు దాటితే సన్నాయి మేళం. బంతులన్నీ లేచాక మావోళ్ళకి వాగు ఇసకలో విస్తళ్ళు. డప్పు లేందే పెళ్ళి కదలదు. డప్పు కొట్టేవాడు మాత్రం పందిట్లోకి రాగూడదు.

నాకు ఉద్యోగమొచ్చాక చెల్లి పెళ్ళి అక్కడే చెయ్యాలని మాయమ్మ పట్టుబట్టింది. ‘‘నేను నీళ్ళు పోసిన చెట్ల కిందరా’’ అనింది. బయానా డబ్బులు తీసుకోని పొయ్యాను.

‘‘మీదేవూరు సార్?’’ అన్నాడు గుమాస్తా. చెప్పాను.

‘‘ఊళ్ళోనా, పల్లెలోనా?’’

‘‘పల్లెలో.’’

పుస్తకం మూశాడు. ‘‘ఆ రోజు ఖాళీ లేదండి.’’

సాయంత్రం నాతో పనిచేసే ఊరి మాస్టారు అదే తారీఖు అడిగితే ఖాళీ ఉందన్నారు. కులం పేరు ఎవరూ ఎత్తలేదు. సార్ అన్నారు, అండి అన్నారు. అంటరానితనం కూడా మర్యాద నేర్చుకుంది.

చెల్లి పెళ్ళి వాగు ఇవతల, పల్లె వైపు, తాటాకుల పందిట్లో చేశాం. ఆ రోజు మా నాయిన డప్పు పట్టలేదు. పెళ్ళికూతురి తండ్రిగా ముందు వరసలో కూచున్నాడు. పక్కపల్లె నుంచి వచ్చి డప్పు కొట్టినోళ్ళకి మొదటి బంతిలోనే వడ్డించాం.

నీళ్ళ ఒడ్డు మాకు కొత్త కాదు. ధాతు కరువులో మావోళ్ళు బకింగ్‌హాం కాలవ తవ్వి కడుపు నింపుకున్నారు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. వాళ్ళలో ఎక్కువమంది మాదిగలు. మతం సంగతి ఎట్లున్నా, అంతమంది మనోళ్ళు ఒక ఏటి ఒడ్డున ఎవరి సెలవూ అడక్కుండా నిలబడ్డారు. 1985 జూలై 17న కారంచేడులో ఆరుగురు మాదిగల్ని చంపిన గొడవ కూడా మంచినీళ్ళ చెరువు దగ్గరే మొదలైంది. మా చరిత్రలో పండగా నీళ్ళ దగ్గరే, నెత్తురూ నీళ్ళ దగ్గరే.

1989 అత్యాచారాల నిరోధక చట్టానికి చేసిన సవరణ 2016 జనవరి 26 నుంచి అమల్లోకి వచ్చింది. దళితుల పెళ్ళి ఊరేగింపుని అడ్డుకోవటం నేరమని అందులో రాశారు. వీధిలో అడ్డుకున్నోడు కనపడతాడు. ‘ఖాళీ లేదండి’ అన్నోడిని ఎట్లా పట్టుకోవాల? మాస్టారు సాక్ష్యం చెప్తానన్నాడు. ఫిర్యాదు రాస్తుంటే మాయమ్మ పక్కన కూచోని అడిగింది: ‘‘ఆ చెట్లు పెంచిందెవరో కూడా అందులో రాస్తావా?’’

మొదటి వాక్యంగా అదే రాశాను.