మీసం చాటు మనిషి



ఈసారి చాలా దూరపు మనిషి గురించి రాస్తున్నాం. పేరు ఎడ్వర్డ్ ఎల్గార్, ఇంగ్లండ్ సంగీతకారుడు. మన గ్రూపులో ఈయనకేం పని అనుకోకుండా చివరిదాకా చదవండి.

1857లో వూస్టర్ పట్నం దగ్గర చిన్న పల్లెలో పుట్టారు. తండ్రి పియానోలు శ్రుతి చేసేవాడు, పట్నంలో మ్యూజిక్ షాపు నడిపేవాడు. ఎల్గార్ 15 ఏళ్లకే బడి మానేసి లాయరు ఆఫీసులో చేరారు. జర్మనీ వెళ్లి సంగీతం చదవాలని ఆశ ఉండేది, డబ్బుల్లేవు. షాపులో ఉన్న పుస్తకాలు చూసి చాలావరకు సొంతంగానే నేర్చుకున్నారు. 1879 నుంచి కొన్నేళ్లు మానసిక రోగుల ఆసుపత్రిలో సిబ్బంది బ్యాండుకి మాస్టరుగా చేశారు. వయొలిన్ పాఠాలు చెప్పి బతికారు.

అది విక్టోరియా రాణి కాలం. అప్పట్లో వాళ్ల లెక్కలో మగాడంటే సైనికుడు, వేటగాడు, పక్క దేశాల్ని ఏలేవాడు. పియానో ఇంట్లో ఆడపిల్లలు నేర్చుకునే విద్య. పెద్దింటి మగాడు సరదాకి వాయించొచ్చు గానీ, దాంతో కూడు సంపాదించుకుంటే చులకన. పైగా ఈయనది షాపు కుటుంబం, మతం క్యాథలిక్. ఎటు చూసినా తక్కువే.

1889లో ఆలిస్ అనే ఆమెని పెళ్లి చేసుకున్నారు. ఆయన దగ్గర పాఠాలకి వచ్చినామె, వయసులో 8 ఏళ్లకు పైగా పెద్ద. తండ్రి ఇక్కడి బ్రిటిష్ సైన్యంలో మేజర్ జనరల్. ఆమె పుట్టింది మన గుజరాత్‌లోని భుజ్‌లోనే! షాపువాడి కొడుకుని చేసుకోడమేంటని ఆమె బంధువులకి నచ్చలేదు. ఆమె మాత్రం వెనక్కి తగ్గలేదు. తను కూడా నవల రాసిన మనిషే అయినా, ఆయన స్వరాలు రాసే కాగితాలకి గీతలు గీసిచ్చేది.

ఎల్గార్ ఫోటోలు చూస్తే రిటైరైన కల్నల్ అనుకుంటాం. గుబురు మీసం, బిగించి కట్టిన సూటు. సంగీతం మాటెత్తితే గుర్రప్పందాల వైపు మళ్లించేవారట. చాలామంది దీన్ని గర్వం అన్నారు. మాకు మాత్రం అలా అనిపించలేదు. గేటు దగ్గర ఆపుతారేమోనని భయమున్నవాడే మంచి చొక్కా వేసుకుని వెళ్తాడు కదా.

ఆ మీసం వెనక మనిషి 1899లో బయటపడ్డారు. 'ఎనిగ్మా వేరియేషన్స్' అనే రచనలో 14 భాగాలుంటాయి. దాన్ని స్నేహితులకే అంకితం ఇచ్చారు. మొదటిది ఆలిస్, చివరిది తను. తొమ్మిదోది 'నిమ్రాడ్', జేగర్ అనే దోస్తు మీద కట్టినది. ఒకప్పుడు ఎల్గార్ బాగా కుంగిపోతే, బీథోవెన్ పడ్డ కష్టాలు చెప్పి నిలబెట్టినవాడు ఈ జేగరే. నలుగురిలో చెప్పుకోలేని దిగులంతా ఆ నెమ్మది బాణీలోకి వచ్చేసింది. ఇప్పుడు ప్రతి నవంబర్‌లో లండన్‌లో యుద్ధంలో పోయినవాళ్లని తలుచుకునేటప్పుడు మిలిటరీ బ్యాండ్లు వాయించేది ఆ బాణీనే. సైనికుడిలా కనపడాలని ఆయన అంత తిప్పలు పడితే, సైనికుల ముందు నిలబడింది మాత్రం ఆయన దిగులు.

ఇప్పుడు మన సంగతి. మన గోండు పల్లెల్లో దండారికి మగాళ్లు నెమలి ఈకల టోపీ పెట్టి గుస్సాడీ ఆడతారు. కోయ ఊళ్లలో కొమ్ములు తగిలించుకుని డోలు కొడతారు. నువ్వు మగాడివేనా అని వాళ్లనెవరూ అడగరు. అదే కుర్రాడు కాలేజీకొచ్చి గొంతెత్తితే "ఏంట్రా, ఆడపిల్లలా పాటలు?" అంటారు. దాంతో పాట మానేస్తాడు, మాట మార్చుకుంటాడు, ఊరి పేరడిగితే పక్క టౌను పేరు చెప్తాడు. ఇంట్లో మొదటిసారి కాలేజీ మెట్లెక్కిన మనలో చాలామంది కథ ఇదే. రాత్రి దుప్పటి ముసుగేసుకుని ఏడ్చినా పక్క మంచం వాడికి తెలియనివ్వం.

ఎల్గార్‌కి సర్ బిరుదు 1904లో వచ్చింది. 1920లో ఆలిస్ చనిపోయాక పెద్ద రచనేదీ పూర్తి చెయ్యలేకపోయారు. మీసం, బిరుదు ఉన్నాయి, ఆసరా పోయింది.

అన్నలూ, తమ్ముళ్లూ, పక్క మంచం వాడు నాలుగు రోజులుగా సరిగ్గా తినట్లేదంటే ఒకసారి అడగండి. వాడికి పాటొస్తే పాడమనండి. మీ హాస్టల్లో మీకు జేగర్‌లా నిలబడినవాళ్లెవరో రాయండి. అందరం చదువుతాం.