యాభై దాటాక ఒకటో తరగతికి

1998 డీఎస్సీ రాసి ఆగిపోయిన వేలమందికి ఉద్యోగం చేతికొచ్చింది 2023లో. అదీ మినిమం టైం స్కేల్ మీద, కాంట్రాక్టు పద్ధతిలో. మా సత్యనారాయణపురంలో ట్యూషన్లు చెప్పిన మాస్టారొకరు అలాగే యాభై దాటాక దివిసీమలో ఎస్జీటీగా చేరారు. తెల్లారకముందే అవనిగడ్డ బస్సెక్కుతారు. పిల్లల మధ్య నేలమీదే బాసింపట్టు వేసుకుని గుణింతాలు దిద్దిస్తారు. "మోకాళ్లు ఎలా ఉన్నాయి మాస్టారూ?" అని అడిగితే, "మావాడికి కొమ్ముకీ కొమ్ముదీర్ఘానికీ తేడా తెలిసిపోయిందయ్యా" అన్నారు, మొహం వెలిగిపోతూ. ఇలాంటి మనిషిని పాతికేళ్లు బడి బయట నిలబెట్టడం ఘోరం. ఆ నష్టం పిల్లలది కూడా.

16,347 పోస్టుల మెగా డీఎస్సీకి 2025లో జనరల్ అభ్యర్థుల వయోపరిమితి 44 ఏళ్లకు పెంచారు. మంచి పని. నలభై దాటి మళ్లీ పుస్తకం పట్టడానికి జంకుతున్నవాళ్లుంటే చెప్పండి, మాస్టారి దగ్గరికి నేనే తీసుకెళ్తాను.