ఎనిమిది మిల్లీమీటర్ల తేడా

ఆటోనగర్‌లోకి మళ్లేసరికి నా బండి కుడిపక్క సైలెన్సర్‌ను పట్టుకుని ఉన్నది రెండు చుట్ల బైండింగ్ వైరు మాత్రమే. కంకిపాడు దగ్గర బ్రాకెట్ ఫట్‌మంది. రోడ్డు పక్క కిళ్లీకొట్టాయన ఇచ్చిన వైరుతో కట్టుకుని, స్పీడు ఇరవై దాటనివ్వకుండా వచ్చాను. వెనక సీటు మీద గోనెసంచిలో తీసేసిన పాత సైలెన్సర్లు రెండూ ఉన్నాయి. అవెందుకు మోసుకొచ్చానో నాకే తెలీదు.

బండి మా నాన్నది. యెజ్డీ 250 క్లాసిక్, 1984 మోడల్. కిక్కు కొట్టే రాడ్డే మడిస్తే గేరు రాడ్డయ్యే బండి. ఒక్కటే సిలిండరు, దానికి రెండు పొగ గొట్టాలు. పాతవాటి పొట్టల్ని తుప్పు తినేస్తే, నలభై రోజుల కింద ఒక స్పేర్ పార్ట్స్ కొట్లో జత 3,200 రూపాయలకి కొత్తవి కొన్నాను. "మీ బండివే, తగిలించుకోవడమే" అన్నాడు కొట్టతను. తగిలించుకున్నాను.

బెజవాడ ఆటోనగర్ అంటే లారీల లోకం. ఒక షెడ్డులో కేబిన్‌కి చెక్క కొడుతుంటారు, పక్క షెడ్డులో కమాను కట్టలు విప్పుతుంటారు, ఎదురుగా గ్రైండర్ నిప్పులు కక్కుతుంటుంది. ఆ మోతలో పాత టూవీలర్లు మాత్రమే చూసే షెడ్డు ఒకటుంది. మేస్త్రికి అరవై దాటి ఉంటాయి. ఆయన వచ్చి వైరు వంక చూశాడు, బోల్టు వంక చూశాడు.

"ఎవరండీ బిగించింది?"

"నేనే మేస్త్రి గారూ."

"బాగా బలంగా బిగించారు."

అది మెచ్చుకోలు కాదని అర్థమవడానికి నాకు ఒక క్షణం పట్టింది.

వైరు తీసి, బోల్టు విప్పగానే సైలెన్సర్ టప్పున పక్కకి జరిగింది. ఫ్రేముకున్న కన్నం ఒకచోట, బ్రాకెట్ కన్నం ఒకచోట. మేస్త్రి ఇనుప స్కేలు పెట్టి చూపించాడు, ఎనిమిది మిల్లీమీటర్లు. పొడుగు బోల్టు వేసి, కన్నాలు రెండూ కలిసేదాకా లాగి బిగించిన ఘనత నాదే.

"బలవంతంగా వంచి బిగిస్తే ఇనుము ఊరుకోదండి. రోజంతా వెనక్కి పోవాలనే చూస్తుంది. దానికి ఇంజిన్ వణుకు తోడైంది. పాపం, నలభై రోజులు ఓర్చుకుంది."

ఈ బండికి కంపెనీ సైలెన్సర్లు దొరకవా అని అడిగితే నవ్వాడు. కంపెనీ ఉంటే కదా! మైసూరులో ఇరానీ కుటుంబం పెట్టిన ఐడియల్ జావా ఫ్యాక్టరీ 1961లో చెకోస్లొవేకియా జావా బళ్లను ఇక్కడ తయారుచేయడం మొదలుపెట్టింది. 1973 నుంచి వాటికే యెజ్డీ అని పేరు మారింది. 1996లో ఫ్యాక్టరీ మూతపడింది. 2022లో అదే పేరుతో మళ్లీ బళ్లొచ్చాయిగానీ అవి ఫోర్ స్ట్రోక్, ఇది టూ స్ట్రోక్, వాటి సామాను దీనికి పనికిరాదు. అందుకని మనకి దిక్కు లోకల్ సరుకే. ఎవరి దగ్గరో ఉన్న ఒక పాత సైలెన్సర్‌ను చూసి ఇంకెవరో కొడతారు, దాన్ని చూసి మరొకరు. చూచిరాతలో తప్పులు పెరిగినట్టు ఒక్కో చేయి మారేకొద్దీ ఒక్కో మిల్లీమీటరు పోతుంది.

మేస్త్రి రెండు కొత్తవాటినీ మూతులు గోడకి ఆనించి నేలమీద పక్కపక్కన పడుకోబెట్టాడు. ఒకటి రెండోదానికన్నా చిటికెనవేలి గోరంత పొడుగు. "జతే గానీ కవలలు కాదు" అన్నాడు. గోటితో కొట్టి చూపించాడు. పాతది ఖంగుమంది. కొత్తది డబ్బా మోత మోగింది, అంత పలచటి రేకు. టార్చి వేసి లోపలికి చూడమన్నాడు. కన్నాలు పొడిచిన గొట్టం ఒకటి అటునుంచి ఇటు తిన్నగా పోయింది, అంతే.

"కొత్తవి వేశాక మోత పెరిగిందా?"

పెరిగింది.

"లాగుడు తగ్గిందా? పెట్రోలు ఎక్కువ తాగుతోందా?"

రెండూ నిజమే. బండి ముసలిదయింది కదా అని సరిపెట్టుకున్నాను.

ఇక్కడే అసలు సంగతి ఉంది. ఫోర్ స్ట్రోక్ ఇంజిన్లో పొగ పోయే దారికి వాల్వు తలుపు ఉంటుంది. టూ స్ట్రోక్‌కి అది లేదు. సిలిండర్ గోడకి కన్నం ఉంటుంది, పిస్టన్ కిందికి దిగితే తెరుచుకుంటుంది, పైకొస్తే మూసుకుంటుంది. అది తెరిచి ఉన్నప్పుడే కొత్త పెట్రోలు గాలి కూడా లోపలికి వస్తుంది కాబట్టి అందులో కొంత కాలకుండానే పొగ దారి పడుతుంది. సైలెన్సర్ లోపలి అడ్డుగోడలకి తగిలి వెనక్కి వచ్చే ఒత్తిడి అల దాన్ని మళ్లీ సిలిండర్లోకి నెట్టాలి. లోపల ఏమీ లేకపోతే నెట్టేదీ ఉండదు. అంటే ఈ బండికి సైలెన్సర్ అనేది ఇంజిన్ తోక కాదు, ఇంజిన్లో భాగమే. నేను 3,200 పెట్టి మెరుపు కొన్నాను, లోపలున్న పనితనం కొనలేదు.

"ఆ సంచిలోవి ఇలా తెండి" అన్నాడు మేస్త్రి.

పాత సైలెన్సర్ల వెనక మూతి నట్టు ఎన్నేళ్లుగా విప్పలేదో, కిరోసిన్ పోసి నానబెట్టి, వేడి చేసి, చెక్కసుత్తితో బతిమాలితే గానీ కదల్లేదు. లోపలినుంచి బ్యాఫిళ్లు, అంటే ఆ అడ్డుగోడల గొట్టాలు, బయటికొచ్చాయి. ఎడమదానికి కన్నాలు కనిపిస్తున్నాయి. కుడిది నల్లటి బొగ్గుముద్ద. లీటరు పెట్రోలుకి నలభై మిల్లీలీటర్ల ఆయిల్ కలిపి నడిపిన బండి. కాలీకాలని ఆ నూనె ఏళ్ల తరబడి పేరుకుంది. ఒక పక్క పూడుకుపోయినా రెండోపక్కనుంచి ఊపిరి ఆడుతుంది కాబట్టి బండి ఆగదు, మనకి తెలియదు.

షెడ్డులో పనిచేసే పాతికేళ్ల కుర్రాడు వాటిని పక్క వీధి కొలిమిలో ఎర్రగా కాల్చి తెచ్చాడు. చల్లారాక సుత్తితో చిన్నగా తడితే మసి పెంకులు పెంకులుగా రాలిపోయింది. కాస్టిక్ సోడా నీళ్లలో రాత్రంతా నానబెట్టినా పోతుందట, కాకపోతే ఇనుముకే. అల్యూమినియం సామాను ఏదైనా అందులో పడితే తినేస్తుంది.

ఆ పాత బ్యాఫిళ్లకి అంచులు కాస్త ఆకురాయి పట్టి, కొత్త సైలెన్సర్లలో గొట్టాలు పీకేసి వీటిని దించాడు. తర్వాత బిగింపు. బెండు పైపుకన్నా సైలెన్సర్ మూతి కాస్త లూజు. రేకు డబ్బా నుంచి వేలెడు వెడల్పు పట్టీ కత్తిరించి, పైపుకి ఒక్క చుట్టు చుట్టి, దానిమీద సైలెన్సర్ ఎక్కించి క్లాంప్ వేశాడు. సిలిండర్ దగ్గర పళ్ల రింగు నట్టుని మెకానిక్కులు ఉలి పెట్టి కొట్టి కొట్టి అరగదీసి ఉన్నారు. దానికి కొక్కెం స్పానరే వాడాలట, లోపల కొత్త వాషరు పడాలట. విరిగిన బ్రాకెట్‌కి వెల్డింగ్ పెట్టించాక, గుండ్రటి ఆకురాయితో కన్నాన్ని కోడిగుడ్డు ఆకారానికి సాగదీయడం మొదలుపెట్టాడు. ఎనిమిది మిల్లీమీటర్లు రుద్దడానికి ముప్పావుగంట పట్టింది. బోల్టు ఇప్పుడు వేలితో తోస్తే దూరింది.

అయినా బిగించలేదు. అన్నీ వదులుగానే ఉంచి, రెండు నిమిషాలు ఇంజిన్ నడిపి, "దాని చోటు అది చూసుకోనివ్వండి" అన్నాడు. ఆ తర్వాత సిలిండర్ దగ్గర మొదలుపెట్టి వెనక్కి బిగించుకుంటూ వెళ్లాడు. నేను చేసింది దీనికి సరిగ్గా తిరగేసి, వెనకనుంచి ముందుకి.

ఈలోగా బుల్లెట్ మీద ఓ కుర్రాడొచ్చి, వీధంతా వినపడే సైలెన్సర్ కావాలన్నాడు. మోత పెంచితే చట్టప్రకారం 10,000 రూపాయల దాకా జరిమానా ఉందని, విశాఖలో పోలీసులు అలాంటివాటిని రోడ్డు రోలరు కింద వేసి తొక్కించారని మేస్త్రి చెప్పాడు. కుర్రాడు పక్క షెడ్డు ఎక్కడో అడిగి వెళ్లిపోయాడు.

చివరికి బండి స్టార్ట్ చేసి, రెండు మూతుల వెనకా నన్ను అరచేతులు పెట్టమన్నాడు. రెండు చేతులకీ ఒకేలా, వేడిగా, దఫదఫాలుగా తగిలింది ఊపిరి. తడిగుడ్డతో ఆయన రెండు మూతులూ ఒక్క క్షణం నొక్కితే ఇంజిన్ కుంగింది, జాయింట్ల దగ్గర ఎక్కడా తుస్సు లేదు. వంద కిలోమీటర్లు తిరిగాక ప్లగ్గు విప్పి చూడమన్నాడు. టీ రంగులో ఉంటే సరే, తెల్లబడితే మళ్లీ రమ్మన్నాడు.

వెల్డింగ్, కొలిమి, కూలీ కలిపి 1,100 అయింది. డబ్బులిచ్చి, తుప్పు పట్టిన ఆ ఖాళీ డొల్లలు రెంటినీ పాత ఇనుప సామాన్లవాడికి వేసెయ్యమన్నాను.

మేస్త్రి వాటిని మళ్లీ గోనెసంచిలో పెట్టి, మూతి కట్టి, నా వెనక సీటు మీద ఎక్కించాడు. "కొత్తవాటి నికెల్ రెండు వానాకాలాలు ఆగితే గొప్ప. మళ్లీ కొనేటప్పుడు వీటిని కొట్టుకి పట్టుకెళ్లి, పక్కన పెట్టి కొలుచుకుని మరీ కొనండి. తుప్పు పట్టినా కొలత కొలతేగా" అన్నాడు.