నలభై జతల కళ్లు

లండన్‌కు వాయవ్యంగా, బకింగ్‌హమ్‌షైర్ పొలాల మధ్య గ్రెండన్ అండర్‌వుడ్ అని చిన్న ఊరు. దాని పక్కనే 1962లో తెరిచిన జైలు. ఎత్తైన కంచె, గేటు దగ్గర సోదా, సిబ్బంది నడుముకు గొలుసుతో కట్టిన తాళంచెవులు చూస్తే ఏ జైలైనా ఒకటే అనిపిస్తుంది. వింగ్‌లోకి వెళ్లాక తేడా తెలుస్తుంది. యావజ్జీవ ఖైదీ ఆఫీసరును పేరు పెట్టి పిలుస్తాడు. ఆఫీసరూ అలాగే పలకరిస్తాడు. తప్పు చేసినవాణ్ణి ఒంటరిగా పడేసే శిక్ష గదులు ఈ జైలులో లేవు.

ఇక్కడికి ఎవరినీ బలవంతంగా పంపరు. హత్య, అత్యాచారం, సాయుధ దోపిడీ వంటి నేరాలకు ఏళ్ల తరబడి శిక్ష పడ్డవాళ్లు తామే అర్జీ పెట్టుకుని వస్తారు. వింగ్‌కు నలభై మంది చొప్పున ఉంటారు. వారానికి రెండుసార్లు వింగ్ మొత్తం సభగా కూర్చుంటుంది. దానికి అధ్యక్షుడు ఖైదీలు ఎన్నుకున్న ఖైదీయే. మిగతా మూడు రోజులు ఎనిమిదేసి మంది చిన్న బృందాలుగా కూర్చుంటారు. కొట్లాట, మత్తు, లైంగిక సంబంధం నిషిద్ధం. ఎవరైనా గీత దాటితే అతను ఇక్కడ ఉండాలా వద్దా అని తోటివాళ్లే ఓటు వేస్తారు.

ఇలాంటి చోట సీనియర్ ఫోరెన్సిక్ సైకాలజిస్టు పనేమిటి? బల్లకు అటూ ఇటూ కూర్చుని ప్రశ్నలడిగి మార్కులు వేయడమేనని బయట చాలామంది అనుకుంటారు. ఆ కొలతలూ ఉన్నాయి. మళ్లీ హింసకు దిగే ముప్పును అంచనా వేసే హెచ్‌సీఆర్-20 అనే పద్ధతిలో ఇరవై అంశాలుంటాయి. పది గతానికి, అయిదు మనిషి ఇప్పటి స్థితికి, అయిదు రేపటి పరిస్థితులకు సంబంధించినవి. కానీ గతం మారదు. అసలు చూడాల్సింది మిగతా పదిలో ఉంటుంది. దాన్ని గంట సేపటి ఇంటర్వ్యూలో పట్టుకోవడం కష్టం, ఎందుకంటే పెరోల్ కోసం ఎదురుచూస్తున్న మనిషికి ఏ మాట చెబితే మంచిదో తెలుసు.

వింగ్‌లో అలా నటించడం కుదరదు. భార్య ఎదురుచెప్పిందని ఆమెను చంపిన మనిషిని ఊహించండి. పశ్చాత్తాపం గురించి అతను చక్కగా మాట్లాడగలడు. అదే మనిషి వంటగదిలో తన వంతు కాదని ఎవరో చెప్పగానే ముఖం కందగడ్డ చేసుకుని, ఆ మాటన్నవాడితో నెల రోజులు మాట్లాడడు. మర్నాడు బృందంలో పక్కవాడే ఆ సంగతి తీస్తాడు. ఆ రోజూ ఇలాగే అయిందా అని అడుగుతాడు. నేరం వెనక ఉన్న తీరు చిన్న విషయాల్లో మళ్లీ తలెత్తడాన్ని బృందంలోవాళ్లు వెతుకుతారు. దాన్ని ముందు చూసేది సైకాలజిస్టు కాదు, రాత్రింబవళ్లు వెంట ఉండే నలభై జతల కళ్లు. వాటికి దొరికినదాన్ని తూచి, కాగితం మీద పెట్టడం సైకాలజిస్టు పని. ఈ జైలులో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచింది ఇదే.

అన్నీ సవ్యంగా జరిగాయని కాదు. 2010లో ఇక్కడే ఒక ఖైదీ తోటి ఖైదీని చంపాడు. మరోవైపు, ఇక్కడ 18 నెలలకు పైగా ఉన్నవాళ్లు తిరిగి శిక్షల పాలవడం తగ్గిందని అధ్యయనాలు చూపాయి. ఆర్నెల్లకే విసిగి వెళ్లిపోయేవాళ్ల గురించి ఆ మాట చెప్పలేం.

గ్రెండన్ బయట, జైలు సైకాలజిస్టుల వృత్తికి పెద్ద దెబ్బ 2017లో తగిలింది. లైంగిక నేరస్థుల కోసం 1990ల మొదట్లో ఇంగ్లండ్ జైళ్లు ప్రారంభించిన బృంద చికిత్స పాతికేళ్లు నడిచింది. న్యాయశాఖ దాన్ని లెక్కకట్టించింది. కార్యక్రమంలో పాల్గొన్న 2,562 మందిలో 10 శాతం మళ్లీ లైంగిక నేరం చేశారు. దాంట్లో చేరని, వాళ్లను పోలిన వారిలో అది 8 శాతమే. కార్యక్రమాన్ని ఆపేశారు, ఆ లెక్కలు బయటపెట్టారు, హొరైజన్, కైజెన్ అనే వేరే కార్యక్రమాలు తెచ్చారు. ఏళ్ల తరబడి నమ్మి నడిపినదాన్ని అంకెలు కాదన్నప్పుడు వదులుకోగలగడం ఏ శాఖకైనా గౌరవమే.

తెలుగువాళ్లకు ఈ ప్రయత్నం పూర్తిగా కొత్తది కాదు. తెలంగాణ జైళ్లలో ఉస్మానియా మనస్తత్వశాస్త్ర ఆచార్యురాలు బీనా చింతలపూరి నడిపిన ‘ఉన్నతి’ కూడా ఖైదీ ఆలోచనా తీరును మార్చడానికే పుట్టింది. అలాంటి కార్యక్రమాలకూ ఇదే నిక్కచ్చి లెక్క కట్టాలి.

చికిత్సలో పక్కన కూర్చునేవాళ్లే విడుదల నివేదికా రాయాల్సి రావడం జైలు సైకాలజిస్టు ఉద్యోగంలో కష్టమైన సంగతి. ఆ నివేదికను ఖైదీ చదువుతాడు, విచారణలో అతని న్యాయవాది దాని మీద ప్రశ్నలు వేస్తాడు. ముఖ్యంగా గడువులేని ఐపీపీ శిక్ష పడ్డవాళ్లకు ఆ కాగితమే ప్రాణం. 2005లో అమల్లోకి వచ్చిన ఆ శిక్షను 2012లో రద్దుచేసినా, అప్పటికే పడ్డవాళ్లను అది వదల్లేదు. 2022లో ప్రభుత్వం, నివేదికలు రాసే సిబ్బంది విడుదల మీద తమ అభిప్రాయం చెప్పకూడదని నిబంధన పెట్టింది. మనిషిని ఏళ్లుగా చూసినవాళ్ల నోరే కట్టేసినట్టయింది. 2023లో హైకోర్టు అది చట్టవిరుద్ధమని తేల్చింది. ఇప్పుడు నివేదిక చివర ఆ అభిప్రాయం రాయొచ్చు, పెరోల్ బోర్డు ముందు దాన్ని సమర్థించుకోవాల్సిన బాధ్యత కూడా రాసినవాళ్లదే.