నడిగడ్డ ముచ్చట్లు – 14: నిమిషంలో చెప్పమంటే ముందు ఏం కోసేస్తాం?



పోయిన ఆదివారం నలుగురు పిల్లలు ఇంటికొచ్చారు. ముగ్గురు వనపర్తిలో చదువుతున్నారు, ఒకామెది నాగర్‌కర్నూల్. హైదరాబాద్‌లో ఏదో పోటీ ఉందట. ప్రాజెక్టు నచ్చితే డబ్బులిస్తారు. "అక్కా, ఎలివేటర్ పిచ్ రాయాలె. అరవై సెకన్లే టైము" అన్నారు. పెద్ద మనిషితో కలిసి లిఫ్ట్ ఎక్కినవనుకో, ఆయన దిగేలోపు నీ పని ఏందో, నీకేం కావాల్నో చెప్పెయ్యాలె. దానికే ఆ పేరట.

నాకు నవ్వొచ్చింది. మన పాలమూరులో లిఫ్ట్ అంటే నెట్టెంపాడు, కల్వకుర్తి, భీమా. నీళ్లను ఎత్తి పోసేది. మనుషులను ఎత్తే లిఫ్ట్ నేను మొదటిసారి ఎక్కింది డిగ్రీ అయిపోయినంక. ఆ రోజు అందులో ఎవరితోనూ మాట్లాడలేదు, గోడ పట్టుకొని నిలబడ్డా.

సరే, పిల్లల ప్రాజెక్టు సంగతి చెప్తా.

గద్వాల చుట్టుపక్కల సీడు పత్తి చేన్లు చూడని మిత్రుల కోసం రెండు మాటలు. హైబ్రిడ్ పత్తి విత్తనం తయారు కావాలంటే సాయంత్రం పూట ఆడ మొక్క మొగ్గ ఒలిచి కేసరాలు తీసెయ్యాలి. తెల్లారి మగ పువ్వు తెచ్చి దాని పుప్పొడి అంటించాలి. దాన్నే క్రాసింగ్ అంటాం. ప్రతి పువ్వుకూ మనిషి చెయ్యి తగలాల్సిందే. ఆ చేతులు ఎక్కువగా ఆడవాళ్లవి, ఆడపిల్లలవి. నేనూ రెండు సీజన్లు ఆ చేన్లలో ఉన్నదాన్నే. ముందు అడ్వాన్స్ ఇస్తారు, లెక్క సీజన్ చివర చూస్తారు. లెక్క బుక్కు ఆసామి ఇంట్ల ఉంటది. "నీ బిడ్డ తొమ్మిది దినాలు రాలె" అంటే, వచ్చిందని చెప్పడానికి మా అమ్మ చేతిలో ఏముంది?

ఈ పిల్లలు ఒక ఫోన్ నంబరు తయారుచేశారు. పని అయినంక ఆ నంబరుకు ఫోన్ చేసి "ఇయ్యాల వచ్చిన" అంటే చాలు, తేదీ ఎక్కుతుంది. ఎప్పుడు అడిగినా మొత్తం ఎన్ని దినాలో అదే నంబరు చెప్తుంది. చదువు రాకున్నా పర్వాలేదు, బటన్ ఫోన్ చాలు.

చూసి నా కడుపు నిండింది. తర్వాత వాళ్లు రాసుకొచ్చిన కాగితం చదివిన. రెండు పేజీలను ఎనిమిది లైన్లకు కుదించారు. ఆ ఎనిమిదింట్లో "డిజిటల్" నాలుగుసార్లు ఉంది. "మాదిగ" అనే మాట మొదటి కాగితంలో ఉంది, రెండోదాంట్లో లేదు. దాని చోట "గ్రామీణ బలహీన వర్గాలు" వచ్చి కూర్చుంది.

"ఇదెందుకు కోసిండ్రు?"

"ఒక మెంటర్ సార్ చెప్పిండక్కా. కులం మాట వస్తే జడ్జిలకు ఇబ్బంది అయితదట. టైము కూడా కలిసొస్తదట."

మూడక్షరాలు కోస్తే ఎంత టైము కలిసొస్తుంది? కానీ వాళ్లను కోప్పడలేదు. ఆ పని నేనూ చేసిన కాబట్టి.

కొన్నేళ్ల కింద మా గేరి శ్మశానానికి తొవ్వ లేదని ప్రజావాణికి అర్జీ పట్టుకుపోయిన. 2016 అక్టోబర్ 11న కొత్త జిల్లాలు కాకముందు అర్జీ అంటే మహబూబ్‌నగర్ దాకా బస్సు. జిల్లాలైనంక కలెక్టరేట్ దగ్గరికొచ్చింది, వరుస మాత్రం అంతే పొడుగు. సోమవారం పొద్దున పోయి నిలబడితే నీ వంతు వచ్చేసరికి ఒక నిమిషం దొరుకుతది. మన లిఫ్ట్ అదే. నేను మూడు పేజీలు రాసిన. మర్యాదగా ఉంటుందని "మా గ్రామస్తులకు శ్మశానవాటికకు దారి లేదు" అని మొదలుపెట్టిన. అధికారి రికార్డు తెప్పించి చూసి "దారి ఉంది కదమ్మా" అన్నారు. ఆయన అన్నది నిజమే. ఊరికి దారి ఉంది. లేనిది మా గేరికి. నేను మర్యాద కోసం దాచిన మాటలోనే మా సమస్య మొత్తం ఉంది.

తర్వాతి సోమవారం మూడు ముక్కలే చెప్పిన. "సార్, మాదిగోళ్ల శవాలు పోవడానికి తొవ్వ లేదు, పక్క చేన్ల గట్ల మీద మోస్తున్నం. సర్వే నంబరు ఇదీ, నక్ష ఇదీ. సర్వేయర్ వచ్చే తేదీ రాసియ్యండి." ఆయన తలెత్తి నా మొఖం చూశారు. తేదీ రాశారు.

అప్పుడు మా నాయిన గుర్తొచ్చిండు. ఆయన ఊర్ల డప్పు సాటింపు చేసేటోడు. మూలమలుపు కాడ ఆగి, నాలుగు దెబ్బలు కొట్టి, ఏం జరుగుతది, ఎప్పుడు, ఎక్కడ, ఎవరు రావాలె, ఈ నాలుగు చెప్పి ముందుకు పోయేటోడు. ముసలామె ఇంట్ల రొట్టె కొట్టుకుంటా విన్నా అర్థం కావాలె. అన్ని ఏండ్లు అంత తక్కువ మాటల్లో అంతమందికి చెప్పిన మనిషికి అరవై సెకన్ల విద్య నేర్పేటోడు ఎవడు? కానీ డప్పు ఆయనది, మాట ఆయనది కాదు. ఊరి పెద్దల మాట. ఒక ఎండాకాలం జాతర సాటింపు చివర "మా గేరికి గూడ నీళ్లు రావాలె" అని ఒక్క మాట కలిపిండు. ఆ ఏడు కళ్లంలో మా వంతు జొన్నలు రాలేదు. ఆ ఒక్క వాక్యం ఖరీదు మా అమ్మకు బాగా తెలుసు.

కాబట్టి తమ్ముళ్లారా, చెల్లెళ్లారా, తక్కువ మాటల్లో చెప్పడం మనకు కొత్త కాదు. మన మాట మనం చెప్పుకోవడమే కొత్త. మనం చెప్పకపోతే మన గురించి ఇంకొకరి పిచ్ ఎప్పుడూ తయారుగానే ఉంటుంది. "పాలమూరు లేబర్" అన్న రెండు మాటలు చూడండి. గుంపు మేస్త్రీ వెంట ప్రాజెక్టుల కాడికి, రోడ్ల కాడికి పోయిన లక్షల మంది బతుకు ఆ రెండు మాటల్లో మూటగట్టారు. కట్టింది మనం కాదు.

1917లో భాగ్యరెడ్డి వర్మ అధ్యక్షతన బెజవాడలో సభ జరిగింది. పిలిచింది పంచమ మహాజన సభ అని. అక్కడ మనోళ్లు మేం పంచములం కాదు, ఈ నేల మొదటి మనుషులం, ఆది ఆంధ్రులం అన్నారు. పెట్టిన పేరు తీసేసి తమ పేరు తాము పెట్టుకున్నారు. 1994లో ప్రకాశం జిల్లా ఈదుముడిలో మొదలైన ఉద్యమం డప్పు సాటింపు పేరునే తన పేరు చేసుకుంది: మాదిగ దండోరా. దాని డిమాండు నాలుగక్షరాలు, ఏబీసీడీ. ఆ మాట 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు తీర్పు దాకా, 2025 ఏప్రిల్ 14న తెలంగాణలో వర్గీకరణ అమలు దాకా నడిచింది. ఆ డిమాండుతో ఒప్పుకోని మిత్రులు ఈ గోడ మీద చాలామంది ఉన్నారు, ఆ చర్చ ఇంకోసారి చేద్దాం. నేను చెప్పేది ఒక్కటే. ఆ పేరులోంచి "మాదిగ" తీసేసి "బలహీన వర్గాల దండోరా" అని ఉంటే అది ఎంత దూరం పోయేది?

ఇంకో సంగతి. 2020లో కేంద్ర సామాజిక న్యాయ శాఖ అంబేద్కర్ సోషల్ ఇన్నోవేషన్ అండ్ ఇంక్యుబేషన్ మిషన్ మొదలుపెట్టింది. ఎంపికైన ఎస్సీ యువతకు మూడేళ్లలో 30 లక్షల దాకా పెట్టుబడి అన్నారు. మన పేరు మీదే పథకాలున్న దేశంలో, పేరు దాచుకొని నిధి అడగడమేంది?

ఇవన్నీ పిల్లలతో మాట్లాడుతుంటే మా అమ్మ గడప మీద కూర్చొని వింటున్నది. వాళ్లు మళ్లీ మొదటి నుంచి వివరించారు. సర్వర్ అన్నారు, వాయిస్ అన్నారు. అమ్మ చివరిదాకా విని, "అంటే, లెక్క మన తాన గూడ ఉంటదన్నట్టు" అన్నది.

నలుగురూ ఒకరి మొఖం ఒకరు చూసుకున్నారు. పిచ్ అక్కడ దొరికింది. రాత్రి పదిన్నరకు ఇలా తేలింది:

"మేం గద్వాల సీడు పత్తి చేన్లలో క్రాసింగ్ చేసే మాదిగ, మాల కూలీల పిల్లలం. మా అమ్మల పనిదినాల లెక్క ఆసామి బుక్కులోనే ఉంటుంది. తేడా వస్తే అడగడానికి ఆధారం ఉండదు. మేం ఒక ఫోన్ నంబరు తయారుచేశాం. పని అయ్యాక ఫోన్ చేసి 'ఇయ్యాల వచ్చిన' అంటే తేదీ నమోదవుతుంది. చదువు అక్కర్లేదు, బటన్ ఫోన్ చాలు. ముప్పై మందితో వాడి చూశాం. ఒక సీజన్ మూడు వందల మందితో నడపడానికి కాల్ ఖర్చులు, సర్వర్ ఖర్చు ఇవ్వండి. లెక్క మా దగ్గర కూడా ఉంటుంది."

గడియారం పెట్టి చదివించిన. అరవై సెకన్ల లోపే అయిపోయింది. కులం పేరు ఉండగానే.

మీరూ రాసుకోండి. అర్జీ అయినా, ఫెలోషిప్ అయినా, యూనియన్ ఎన్నికలైనా. మనం ఎవరం, ఏం నొప్పి, ఏం చేసినం, ఏం కావాలె. చివరిది అందరూ మర్చిపోతారు. బాధ చెప్పి ఊరుకుంటే జాలిపడి పంపిస్తారు. తేదీ అడగండి, అంకె అడగండి. రాసినంక జడ్జికి కాదు, ముందు మీ అమ్మకు వినిపించండి. ఆమె తిరిగి ఒక్క మాటలో చెప్పగలిగితే సరిపోయినట్టు. కోయాల్సి వస్తే "డిజిటల్" కోయండి, "వినూత్న" కోయండి. మీ పేరు మాత్రం కోయకండి.

వచ్చే శనివారం పోటీ. గెలుస్తారో లేదో నాకు తెలియదు. పోయేముందు నాగర్‌కర్నూల్ పిల్ల గుమ్మం కాడ ఆగి అడిగింది: "అక్కా, ఆ మాట చెప్పేటప్పుడు నా గొంతు వణికితే?"

వణకనియ్యి బిడ్డా. మా నాయినకు కూడా వణికే ఉంటది. ఆగకుండా చెప్పు.

వచ్చే వారం కలుద్దాం. జై భీమ్.